ఇరవై రెండింటిలో లేని విషయం

రేగులవలస శాఖా గ్రంథాలయంలో ఉన్న ప్రతి పుస్తకమూ ఏదో ఒక విషయానికి చెంది తీరాలనీ, ఏ విషయానికీ చెందని పుస్తకాన్ని తుక్కు కింద జమకట్టి లారీకి ఎత్తాలనీ జిల్లా పఠనాభివృద్ధి సంస్థ నుంచి ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటు విషయాల జాబితా కూడా వచ్చింది. మొత్తం ఇరవై రెండు విషయాలు. వ్యవసాయం ఉంది. పశుపోషణ ఉంది. పుట్టగొడుగుల పెంపకం ఉంది. పంపుసెట్ల మరమ్మతు ఉంది. ప్రేమ లేదు. అసలు నవల అన్న మాటే లేదు.

గ్రంథాలయాధికారి జగ్గునాయుడు ఆ జాబితాను పైనుంచి కిందకు ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి చదివాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. పొద్దున్న తలుపు తీసింది మొదలు సాయంత్రం తాళం వేసేదాకా ఆయన నోటినుంచి పదిహేను మాటలు వస్తే ఎక్కువ. అందులో సగం "ఇక్కడ సంతకం ఎట్టు" అన్నవే. ఆ రోజు ఆ మాత్రం కూడా రాలేదు. గోడవారగా ఉన్న మూడో బీరువాలో అరవై ఒక్క పుస్తకాలున్నాయి. ఆ గ్రంథాలయంలో బయటికి వెళ్లి తిరిగి వచ్చే పుస్తకాలు అవే. పుట్టగొడుగుల పుస్తకం తొమ్మిదేళ్లలో ఒక్కసారి కదిలింది, అదీ వాన కురిసి కప్పు కారినప్పుడు.

అరవై ఒక్కటీ ఒకే జాతి పుస్తకాలు. పెద్ద పట్నం ఉంటుంది. అందులో ఒక పిల్ల ఉంటుంది, ఉద్యోగం చేసుకుంటూ ఉంటుంది. ఒక కుర్రాడు తగులుతాడు. మొదట ఇద్దరికీ పడదు. నూట ఎనభయ్యో పేజీకి పడుతుంది. మధ్యలో ఎవరూ చావరు.

వీటిని తీసుకెళ్లేది నీలవేణి. చదివేది మాత్రం నలభై మంది. ఊరి చివర జీడిపప్పు షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని, కాల్చి కొట్టిన పప్పుకు పొర తీస్తారు. కళ్లూ చేతులూ పప్పు మీదే ఉండాలి, చెవులు ఖాళీ. అందుకని పదో తరగతి దాకా చదివిన నీలవేణిని మధ్యలో పీట మీద కూర్చోబెట్టి చదివించుకుంటారు. ఆవిడ వంతు తట్టలోంచి తలా ఒక గుప్పెడు పప్పు తీసుకుని వాళ్లే ఒలిచేస్తారు. ఏడెనిమిదేళ్లుగా సాగుతున్న పద్ధతి. పుస్తకాలకు అట్ట మీద పేర్లున్నా ఆ షెడ్డులో ఎవరికీ వాటితో పని లేదు. లిఫ్టు పుస్తకం, కాఫీకొట్టు పుస్తకం, గొడుగు మారిపోయిన పుస్తకం, అంతే.

ఉత్తర్వు సంగతి తెలిసి తవిటమ్మ గ్రంథాలయానికి వచ్చింది. షెడ్డులో అందరికన్నా పెద్దది ఆవిడే. ఒక్క అక్షరం రాదు గానీ షెడ్డులో చదివిన పుస్తకాలన్నీ నోటికి వచ్చు.

"ఏటి నాయుడా, మా పుస్తకాలు తుక్కుకి ఎత్తెత్తారటగా?"

జగ్గునాయుడు జాబితా చూపించాడు.

"నాకు సూపితే నానేటి సదూతాను? ఎత్తెత్తారా నేదా?"

"విషయం ఉండాలట."

"విసయం నేకపోడమేటి? ఆ పిల్ల పొద్దున్నే నెగిసి, తనకి తనే కాపీ కలుపుకోని, కిటికీకాడ నిలబడి తాగతాది. ఎవులూ పిలవరు. ఎవులూ ఏటీ అడగరు. సల్లారిపోకముందే తాగతాది నాయుడా! అంతకన్నా ఏటి విసయం కావాల?"

ఆవిడ వెళ్లాక జగ్గునాయుడు రిజిస్టరు ముందేసుకున్నాడు. మొదటి పుస్తకం తెరిస్తే మెట్రో రైలు. రెండోది తెరిస్తే పదకొండో అంతస్తు. మూడోదాంట్లో ఫ్లైఓవరు, దాని మీద ట్రాఫిక్కు, ట్రాఫిక్కులో ఆటో, ఆటోలో పిల్ల. జాబితాలో పదిహేడో విషయం పట్టణాభివృద్ధి. ఆయన ఎర్ర సిరా కలం పక్కన పెట్టి, నల్ల సిరా కలం తీసి, గుండ్రటి అక్షరాలతో అరవై ఒక్కసార్లు పట్టణాభివృద్ధి అని రాశాడు. రాసినప్పుడు అందులో అబద్ధమేమీ ఆయనకు కనిపించలేదు. పట్టణం ఉంది. కథ కూడా అధ్యాయం అధ్యాయానికీ అభివృద్ధి అవుతూనే ఉంది.

తుక్కు లారీ వచ్చి వేరేవేవో ఎత్తుకుని వెళ్లిపోయింది.

మూడు నెలల తర్వాత జిల్లా పఠనాభివృద్ధి సంస్థ ఉపసంచాలకులు శేషావతారం గారు జీపులో దిగారు. చేతిలో ఒక కాగితం, ముఖంలో ఒక వెలుగు.

"నాయుడు గారూ, జిల్లాలో ముప్పై ఎనిమిది శాఖలు. పట్టణాభివృద్ధి అనే అంశంపై ముప్పై ఏడు శాఖల్లో పాఠకుల సంఖ్య సున్నా. మీ శాఖలో ఒక్క త్రైమాసికంలో నూట తొంభై! ఈ పఠన వెల్లువకు మూలకారణాన్ని క్షేత్రస్థాయిలో అధ్యయనం చేయవలసిన బాధ్యత నాపై ఉంచబడినది."

"సార్, అవి..." అన్నాడు జగ్గునాయుడు.

"మీ వినయం గురించి విన్నాను. పాఠకులు ఎక్కడ?"

షెడ్డులో శేషావతారం గారికి కుర్చీ వేశారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, పట్టణాభివృద్ధి మీద మీరు చదివినదాన్ని బట్టి ఒక ఆదర్శ పట్టణానికి కావలసిన ప్రాథమిక సదుపాయాలేమిటో నిర్భయంగా తెలియజేయండి అన్నారు. ఆడవాళ్లు నీలవేణి వైపు తిరిగారు.

"పట్నంలో ఏటుండాలో సెప్పమంతన్నారు," అని నీలవేణి విడమరిచింది.

"ఓస్, అదా!" అంది తవిటమ్మ. "ముందుగాల లిఫ్టుండాల బాబూ. అది మద్దెలో ఆగిపోవాల."

"ఆగిపోవాలా? ఎందుకు?"

"ఆగకపోతే ఆలిద్దరూ ఎలగ మాటాడుకుంతారు? పైకెల్తే ఎవులి గదికి ఆలు పోతారు."

శేషావతారం గారు కాసేపు ఆలోచించి, లిఫ్టులలో పౌరుల పరస్పర సంభాషణకు తగు వ్యవధి అని రాసుకున్నారు.

"ఎంత వ్యవధి?"

"పదకొండు నిమసాలు," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

"పుస్తకాల దుకాణం ఉండాల. సందు ఇరుకుండాల," అని ఒకావిడ. "ఇద్దరు ఎదురుపడితే ఒకులు ఎనక్కి తగ్గాల."

"కాపీకొట్టుకి అద్దం గోడుండాల. బయట వానుండాల."

"ఆకర్ని ఇమానాల స్టేసను. ఆ పిల్ల ఎలిపోతంటాది, ఈడు పరిగెట్టుకోని రావాల. పరిగెట్టడానికి జాగా నేకపోతే ఎలగ?"

"మరి ఈ సౌకర్యాల వల్ల పౌరులకు కలిగే అంతిమ ప్రయోజనం?"

నవ్వులు లేచాయి. ఒక పడుచుపిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అప్పుడు కలిసిపోతారు గదా బాబూ," అంది తవిటమ్మ, ఇంత వయసొచ్చినవాడికి ఇదీ తెలీదా అన్నట్టు చూస్తూ.

సామాజిక సమైక్యత, అని రాసుకున్నారు శేషావతారం గారు. కింద రెండు గీతలు కూడా గీశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రేగులవలసను నగర పంచాయతీగా పెంచారు. నగర పంచాయతీకి బృహత్ ప్రణాళిక ఉండాలి. ప్రణాళికకు ప్రజాభిప్రాయం ఉండాలి. అభిప్రాయ సేకరణకు నాలుగుసార్లు సభ పెడితే నాలుగుసార్లూ ప్రజలు రాలేదు, షామియానా వాళ్లు మాత్రమే వచ్చారు. ఇప్పుడు అంశం మీద ఒక్క త్రైమాసికంలో నూట తొంభైసార్లు పుస్తకం తెరిచిన ప్రజలే దొరికారు. శేషావతారం గారి నోట్సు యథాతథంగా ప్రణాళిక అయింది. పని ఎంత చురుగ్గా సాగిందంటే, ఊరికి మంచినీళ్ల గొట్టం వేయడం మరిచిపోయారు.

మండలాఫీసుకు ఒకే ఒక మేడ ఉంది. దానికి లిఫ్టు పెట్టారు. పన్నెండు మెట్లు ఎక్కితే అరనిమిషం. లిఫ్టులో అయితే మధ్యలో ఆగి, పదకొండు నిమిషాల పదిహేను సెకన్లు. దిగేటప్పుడు సంభాషణ జరిగినట్టు ఇద్దరూ రిజిస్టరులో సంతకం పెట్టాలి. మొదటి రోజు భూమి సర్వేయరూ, భూమి కొలవలేదని ఆయన మీద అర్జీ పట్టుకొచ్చిన రైతూ అందులో పడ్డారు. సంభాషణ జరిగింది. కింద నిలబడినవాళ్లందరికీ వినిపించింది.

అద్దం గోడ కాఫీకొట్టు కట్టారు. వాన లేని రోజుల్లో అగ్నిమాపక శకటం వచ్చి, అద్దం మీద పొద్దున్న గంటా సాయంత్రం గంటా నీళ్లు కొట్టేది. పుస్తకాల దుకాణం సందును టేపుతో కొలిచి ఇరవై ఎనిమిది అంగుళాలకు కుదించారు. విమానాశ్రయం అందుబాటులో లేనందున, బస్టాండుకు రెండు వందల మీటర్ల తుది పరుగు మార్గం వేసి, దాని మీద ధాన్యం ఆరబెట్టరాదని బోర్డు పెట్టారు. పరిగెత్తుకొచ్చేవారు చేరేదాకా బస్సు కదలరాదన్నది నిబంధన. విశాఖ బస్సు ఒక మధ్యాహ్నం రెండు గంటల సేపు నిలబడిపోయింది. పరిగెత్తుకొచ్చేవారు లేరు. లేరు గనక చేరలేదు, చేరలేదు గనక బస్సు కదలలేదు.

చిక్కు మరోచోట వచ్చింది. ఈ సదుపాయాలను వాడుకునే ఇద్దరికీ ముందుగా పరిచయం ఉండకూడదు. అనుకోకుండా కలవడమే పథకం ఆశయం. రేగులవలసలో ఎవరికి ఎవరు తెలియదు? అందుచేత పొరుగూళ్లవాళ్లను కూడా అనుమతించి, పరిచయం లేదని ధ్రువీకరణ పత్రం తేవాలన్నారు. పత్రం కావాలంటే ఇద్దరూ కలిసి అధికారి ముందు హాజరు కావాలి. కలిసి వచ్చి బల్ల మీద పక్కపక్కన గంటసేపు కూర్చునేసరికి ఊరూ పేరూ తెలిసిపోయేవి, అధికారి దరఖాస్తు తిరగ్గొట్టేవాడు. నాలుగు నెలల్లో నూట ఆరు దరఖాస్తులు వస్తే నూట ఆరూ తిరిగిపోయాయి. అందులో పద్దెనిమిది జంటలు ఆ బల్ల మీద పరిచయంతోనే పెళ్లి చేసుకున్నాయి. పథకం నిబంధనల కిందకు రావు గనక వాటిని నివేదికలో చూపలేదు.

జగ్గునాయుడు ఇదంతా చూస్తూ ఊరుకున్నాడు. పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, నీలవేణి తీసుకెళ్తోంది, తెస్తోంది. ఆయనకు కావలసింది అంతే.

అది కూడా పోయింది. ఒక గురువారం రెండో ఉత్తర్వు వచ్చింది.

"సదరు అరవై ఒక్క గ్రంథములు బృహత్ ప్రణాళికకు మూలాధార పత్రములుగా గుర్తించబడినందున, వాటిని తక్షణమే పాఠకుల నుండి స్వాధీనపరచుకొని, ఇనుప బీరువాయందు భద్రపరచి, లక్కముద్ర వేయవలసిందిగా ఆదేశించడమైనది. సామాన్య పఠనము నిషిద్ధము."

విషయం లేకపోతే తుక్కుకు పంపాలి, విషయం ఉంటే తాళం వేయాలి. జగ్గునాయుడు ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని షెడ్డుకు నడిచాడు. నీలవేణి చదువుతోంది. ఎదుటి బాల్కనీ పుస్తకం, షెడ్డులో ఇంతవరకూ చదవని ఒకే ఒక్కటి, నూట నలభై రెండో పేజీ. ఆ పిల్ల బట్టలు ఆరేస్తోంది. ఎదుటి బాల్కనీ కుర్రాడు నెలరోజుల తర్వాత ఊరినుంచి వచ్చి తలుపు తీశాడు. జగ్గునాయుడు పుస్తకం కోసం చెయ్యి చాపాడు.

"ఇప్పుడా?" అంది నీలవేణి.

"ఆడు తలుపు తీసేడు నాయుడా!" అంది తవిటమ్మ. "ఒక్క పేజీ. ఏటన్నాడో ఇనీసి ఇచ్చెత్తాం."

బయట ఉత్తర్వు తెచ్చిన జీపు హారను కొట్టింది. ఆయన పుస్తకం పట్టుకుని తల వంచుకుని వచ్చేశాడు. వెనకనుంచి ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఇంటికెళ్లాక అనిపించింది.

తర్వాత ఇరవై రోజులు షెడ్డు ముందునుంచి వెళ్తే ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. నీలవేణి పీట దిగి వరసలో కూర్చుని తన తట్ట తనే ఒలుచుకుంటోంది. తవిటమ్మ దారిలో ఎదురైతే ఒకే మాట అడిగేది. "ఆడేటన్నాడో సూసినావా?" లక్కముద్ర ఉంది, చూడకూడదు. ఆయన లేదని తల ఊపేవాడు.

ఇరవై ఒకటో రోజున జగ్గునాయుడు తన ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మొదటిసారి పైఅధికారికి ఉత్తరం రాశాడు. చిన్న ఉత్తరం. "అయ్యా, అవి ప్రేమ పుస్తకాలు. పట్టణాభివృద్ధి అని రాసింది నేను. తప్పు నాది. పుస్తకాలు ఇప్పించగలరు."

దానికి జవాబుగా శేషావతారం గారే వచ్చారు.

"నాయుడు గారూ, ప్రేమ అనే అంశం ఆమోదిత జాబితాలో లేదు. లేని అంశం పుస్తకంలో ఉన్నదని మీ ఆరోపణ. ప్రణాళిక అమలైపోయిన ఈ దశలో ఇది చాలా తీవ్రమైన ఆరోపణ. ఉన్నదీ లేనిదీ నిర్ధారించే ఏకసభ్య విచారణ సంఘంగా నన్ను నియమించారు. ముద్ర విప్పండి."

పదిన్నరకు ఆయన మొదటి సాక్ష్యంగా లిఫ్టు పుస్తకం తీశారు. ఒంటిగంటకు డ్రైవరు భోజనం అన్నాడు. చెయ్యి ఊపారు. మూడింటికి కళ్లజోడు తుడుచుకున్నారు. మధ్యలో ఒకసారి, ఎవరూ ఏమీ అనకుండానే, "అదికాదయ్యా, ఫోను చేసి చెప్పొచ్చుగా!" అన్నారు. జగ్గునాయుడు కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. ఐదున్నరకు ఆయన ఆఖరి పేజీ తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పారు, పుస్తకం తలకిందులుగా పట్టి దులిపారు.

"ఇందులో ఆఖరి ఎనిమిది పేజీలు లేవు!"

"లేవు సార్."

"ఎక్కడ? పిల్ల బెంగుళూరు బండి ఎక్కేసింది. వాడింకా ట్రాఫిక్కులోనే ఉన్నాడు. సాక్ష్యం అసంపూర్ణంగా ఉంటే నేను తీర్మానం ఎలా రాయాలి?"

జగ్గునాయుడు కిటికీలోంచి ఊరి చివరకు చూశాడు. తర్వాత ఆ రోజుకు తన పదిహేను మాటల్లో మిగిలినవి ఖర్చు పెట్టాడు.

"ముగింపు షెడ్డులో వాళ్లకి తెలుసు సార్. వెళ్తూ ఎదుటి బాల్కనీ పుస్తకం పట్టుకెళ్లండి."

షెడ్డులో ఆడవాళ్లు తట్టలు సర్దుకుంటున్నారు. శేషావతారం గారు గుమ్మంలో నిలబడి, లిఫ్టు పుస్తకం ముగింపు విషయమై విచారణకు సహకరించవలసిన బాధ్యత పౌరులపై ఉన్నదని మొదలుపెట్టారు. తవిటమ్మ మధ్యలోనే అందుకుంది.

"ఆ పుస్తకం మాకు ఒచ్చేటప్పటికే ఎనిమిది పేజీలు నేవు బాబూ. అలాటియి పన్నెండున్నాయి. ఆటన్నిటికీ ఆకరు మేమే కట్టుకున్నాం. నాలుగు రోజులు తగువాడీసి మరీ కట్టేం."

"అయితే చెప్పండి. వాడు అందుకున్నాడా లేదా?"

"సెప్తాం. నీ సంకలో ఉన్నదేటి?"

ఆయన పుస్తకాన్ని గట్టిగా పట్టుకున్నారు. "ఇది మూలాధార పత్రం. సామాన్య పఠనం నిషిద్ధం."

"అయితే మాదీ నిసిద్దమే. పదండర్రా, పొద్దోయింది."

ఆడవాళ్లు లేచారు. శేషావతారం గారు జీపు వైపు చూశారు, జగ్గునాయుడి వైపు చూశారు, బెంగుళూరు ఉన్నదనుకున్న దిక్కుకు కూడా ఒకసారి చూశారు.

"సామాన్య పఠనం నిషిద్ధం," అన్నారు నెమ్మదిగా. "అయితే విచారణ అధికారి సమక్షంలో, సాక్షుల ఎదుట, బిగ్గరగా చదివించడానికి నిబంధనల్లో అడ్డు కనిపించదు."

నీలవేణి అప్పటికే చెయ్యి చాపింది.

"అంతెక్కువ మాటలెందుకు బాబూ," అంది తవిటమ్మ. "కూకో. ముందు నువ్వు ఇను. ఆడు అందుకోనేదు. బండి ఎలిపోనాది. అయితే ఆ పిల్ల అప్పటికే బండి దిగిపోనాది. టేసను బయట బల్ల మీద కూకోని, తన డబ్బులతో టీ కొనుక్కోని తాగతంది. ఆడొచ్చి ఆయాసపడతంటే, కాసేపు ఆగు, సల్లారిపోతాది, తాగీసి మాటాడతాను అనీసింది."

శేషావతారం గారు బాల్కనీ పుస్తకం నీలవేణి చేతికిచ్చి కూర్చున్నారు. "తర్వాత?" అన్నారు.

"తరవాతేటి, ఆడు ఆగినాడు. అందుకే సేసుకుంది."

విచారణ సంఘం మధ్యంతర నివేదిక జిల్లాకు వెళ్లింది. "ఒక గ్రంథమునందు ప్రేమ ఉన్నట్లు ప్రాథమికముగా తెలియుచున్నది. మిగిలిన అరవై గ్రంథములను రేగులవలస జీడిపప్పు షెడ్డు నందు బహిరంగముగా చదివించి నిర్ధారించవలసియున్నది. గడువు పొడిగించ ప్రార్థన." గడువు పొడిగించారు. ఇనుప బీరువా తాళంచెవి విచారణ అవసరాల దృష్ట్యా నీలవేణికి అప్పగించారు.

శేషావతారం గారు ప్రతి మంగళ, శుక్రవారాలు వస్తున్నారు. ఖాళీగా కూర్చుంటే సాక్షుల ఏకాగ్రత చెడుతున్నదని తవిటమ్మ ఆయన ముందు కూడా ఒక తట్ట పెట్టింది. ఆయన పని మీద షెడ్డులో ఒక్కటే ఫిర్యాదు.

"బాబూ, ఆలిద్దరూ కలిసినప్పుడల్లా నీ సేతిలో పప్పు ఇరిగిపోతంది. ఇడిపోయినప్పుడే నయం, గుండు గుండుగా ఒలుత్తన్నావు."

"ముందుకు చదవమ్మా," అన్నారు శేషావతారం గారు, తట్టలోంచి తల ఎత్తకుండా.